గెలీలియో – త్వరణం

గెలీలియో పేరు చెప్పగానే చాలామందికి దుర్భిణి, పీసా గోపురం, రోము నగరంలో జరిగిన విచారణ గుర్తుకొస్తాయి. మా ఫిజిక్సు వాళ్ళకు మాత్రం ఆయన త్వరణం మనిషి. ఈ సంచికకు ఆయన్నే ఎంచుకోవడానికి ఒక కారణముంది. అమలాపురం, రాజోలు ప్రాంతాల పల్లెల నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు నా క్లాసులో వేగం దాకా బాగానే వస్తారు. సెకనుకు ఇన్ని మీటర్లు, మళ్ళీ సెకనుకు అనేసరికి, ఆ రెండో సెకను ఎందుకో తెలియక సూత్రం బట్టీపట్టి ఊరుకుంటారు. ఫిజిక్సు తమకు రాదని అక్కడే తేల్చేసుకుని గ్రూపు మార్చుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు ఈయన కథ తెలియాలి.

1564 ఫిబ్రవరి 15న ఇటలీలోని పీసాలో పుట్టాడు. తండ్రి విన్సెంజో సంగీత విద్వాంసుడు. తీగెలకు బరువులు కట్టి స్వరం ఎలా మారుతుందో పరీక్షించినవాడు. కొడుకును వైద్యుణ్ణి చేయాలని 1581లో పీసా విశ్వవిద్యాలయంలో చేర్చాడు. కొడుక్కేమో లెక్కల పిచ్చి పట్టుకుంది. 1585లో డిగ్రీ లేకుండానే ఇంటికొచ్చేశాడు. 1589లో అక్కడే లెక్కల ఆచార్యుడయ్యాడు. (ఇది చదివి మనవాళ్ళు పరీక్షలు ఎగ్గొట్టవద్దని మనవి.) 1592లో పాడువా వెళ్ళి పద్దెనిమిదేళ్ళు పాఠాలు చెప్పాడు. త్వరణం పని అంతా అక్కడే నడిచింది.

పడే వస్తువు వేగం పుంజుకుంటుందని లోకానికి అంతకుముందే తెలుసు. ఏ లెక్కన పుంజుకుంటుందన్నదే తెలియదు. మన పెరట్లో దింపు తీసేటప్పుడు చూడండి: ఇరవై మీటర్ల చెట్టు మీంచి కాయ నేల చేరడానికి రెండు సెకన్లు. అంత కొద్ది కాలాన్ని కొలిచే గడియారం ఆనాడు లేదు. అందుకని ఆయన పడడాన్నే నెమ్మది చేశాడు. సుమారు ఏడు మీటర్ల కొయ్యదూలంలో గాడి తొలిచి, నున్నటి తోలుకాగితం అతికించి, ఒక కొస కొంచెం ఎత్తి, కంచు గుండును దొర్లించాడు. మన పూర్వులు గడియకుడుకతో చేసినట్టే కాలాన్ని నీళ్ళతో కొలిచాడు: గుండు దొర్లినంతసేపూ సన్నగొట్టంలోంచి కారిన నీళ్ళు పట్టి తూకం వేశాడు. సమాన కాలాల్లో గుండు నడిచిన దూరాలు ఒకటి, మూడు, ఐదు, ఏడు పాళ్ళలో వచ్చాయి. మన కొబ్బరికాయకూ అంతే. అరసెకనుకొకసారి చూస్తే సుమారు 1.2, 3.7, 6.1, 8.6 మీటర్లు.

లెక్క దొరికింది గానీ దాని అర్థం వెంటనే దొరకలేదు. నన్నడిగితే ఆయన జీవితంలో అసలు ఘట్టం ఇదే. 1604లో వెనిస్‌లోని మిత్రుడు పావొలో సార్పికి రాసిన ఉత్తరంలో, పడిన దూరాన్ని బట్టి వేగం పెరుగుతుందని రాశాడు. వినడానికి సబబుగానే ఉంటుంది కదా! కానీ కాయ ఐదు మీటర్లు పడేసరికి వేగం సెకనుకు దాదాపు పది మీటర్లు. ఇరవై మీటర్లు పడేసరికి ఇరవై మాత్రమే. దూరం నాలుగు రెట్లయినా వేగం రెట్టింపే. కాలాన్ని చూడండి: ఒక సెకనుకు పది, రెండు సెకన్లకు ఇరవై. ప్రతి సెకనుకూ అంతే వేగం వచ్చి కలుస్తోంది. ఆ రెండో సెకను ఉన్నది అందుకే. దూరాన్ని వదిలి కాలాన్ని పట్టుకోవడానికి అంతటివాడికీ ఏళ్ళు పట్టింది.

తరువాత దుర్భిణి వచ్చింది. 1610లో గురుగ్రహ చంద్రులు కనిపించాయి, ఫ్లోరెన్సు కొలువు దొరికింది, పాడువా కాగితాలు మూలపడ్డాయి. 1633లో విచారణ, శిక్ష. ఫ్లోరెన్సు పక్కన ఆర్చెత్రిలో గృహనిర్బంధం. మరుసటేడు కంటికి రెప్పలా చూసుకునే పెద్దకూతురు మరియా చెలెస్తె పోయింది. డెబ్బై ఏళ్ళ ముసలాయన ఆ దుఃఖంలోనే పాత కాగితాలు ముందేసుకున్నాడు. ఆ పుస్తకం 1638లో హాలెండులోని లైడెన్‌లో అచ్చయింది. అప్పటికి ఆయనకు చూపు పోయింది.

పుస్తకం ముగ్గురి సంభాషణగా నడుస్తుంది. అందులో సగ్రెదో అనే ఆయన, వేగం దూరాన్ని బట్టి పెరుగుతుంది కాబోలునంటాడు. సల్వియాతి అతణ్ణి తీసిపారేయడు. ఈ గ్రంథకర్త కూడా కొంతకాలం ఆ పొరపాటులోనే ఉన్నాడని చెప్పి, అప్పుడు పాఠం మొదలుపెడతాడు.

1642 జనవరి 8న ఆర్చెత్రిలోనే కన్నుమూశాడు. ఘనంగా సమాధి కట్టడానికి ఒప్పుకోక, శాంతా క్రోచే చర్చి పక్కన చిన్న గదిలో పూడ్చారు. 1737లో గానీ ఆయన్ని చర్చి లోపలికి తీసుకురాలేదు.