ఇరువదిమూడవ యోహాను పోపుగారి చరిత్రము

ఇటలీ దేశమున బెర్గమో నగర సమీపమున సొత్తో ఇల్ మోంతె యను పల్లె కలదు. అచ్చట పాలికి సేద్యము చేయు రొంకల్లీ వారి యింట 1881 సం. నవంబరు 25వ తేదీన ఆంజెలో జన్మించెను. పంటలో భాగము భూస్వామికి పోగా మిగిలినదే ఆ పెద్ద కుటుంబమునకాధారము. అట్టి యిల్లెట్లుండునో ఎడపల్లి, బోధను ప్రాంతముల సేద్యగాండ్ర బిడ్డలకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

1904లో గురుపట్టము పొంది, తమ మేత్రాణులవారికి కార్యదర్శియైన యీయనకు మిలాను నగరమున కొన్ని పాతకట్టలు దొరకెను. అవి 1575లో కార్లో బొర్రోమియోగారు బెర్గమో పల్లెలను దర్శించినప్పటి నివేదికలు. త్రెంతు మహాసభ 1563లో ముగిసిన పిమ్మట దాని తీర్మానములను పల్లెపల్లెకు చేర్చి, బాలురకు ఆదివారపు జ్ఞానోపదేశము నేర్పించినవారిలో బొర్రోమియోగారు ముఖ్యులు. ఆ కాగితములను రొంకల్లీగారు అయిదు సంపుటములుగా ప్రకటించిరి. మహాసభ మాట పామరుని చెవికెట్లు చేరునో ఆయన యచ్చటనే నేర్చిరని నా తలంపు.

బల్గేరియా, తుర్కీ, గ్రీసు, ఫ్రాన్సు దేశములలో పోపుగారి ప్రతినిధిగను, వెనీసున పెద్దగురువుగను పనిచేసి, 1958 అక్టోబరు 28న తామే పోపుగా నెన్నుకొనబడిరి. వయస్సు డెబ్బదియేడు నిండవచ్చినది. వృద్ధుడు, ఊరకుండునని పలువురనుకొనిరి. మూడు మాసములైనను గడువకమునుపే నూతన మహాసభను కూర్తునని ప్రకటించి అందఱ నాశ్చర్యపఱచిరి.

త్రెంతు సభయు, 1869-70 నాటి వాటికను సభయు సిద్ధాంతములను చిన్న సూత్రములుగా నిర్ణయించి, కాదన్నవారిపై శాపవాక్యము చేర్చినవి. 1962 అక్టోబరు 11న సభ నారంభించుచు యోహానుగారు, సత్యము మాఱదుగాని దానిని చెప్పు తీరు కాలమున కనుగుణముగ నుండవలెననియు, కాఠిన్యముకన్న కరుణయే తగిన మందనియు బోధించిరి. అప్పటికే వారి యుదరమున ప్రాణాంతకమైన వ్యాధి యున్నది.

దైవప్రకటనమును గూర్చిన చిత్తుప్రతి పాతతీరుననే వచ్చెను. నవంబరు 20న దానిపై చర్చ నిలుపవలెనని 1368 మందియు, వలదని 822 మందియు మతమిచ్చిరి. నిలుపుటకు మూడింట రెండుపాళ్లు కావలెను. నూటికి పైగా మతములు తక్కువయ్యెను. నియమప్రకారము ఆ ప్రతియే నిలువవలెను. పోపుగారు మఱునాడే దానిని వెనుకకు తీసికొని, ఇరుపక్షములవారును గల క్రొత్త సంఘమునకప్పగించిరి. ఏమి వ్రాయవలెనో మాత్రము తాము చెప్పలేదు. నియమమును తప్పించుట న్యాయమా యని మీరడుగవచ్చును. పెక్కుమంది కోరినది ఓడిపోవుట న్యాయమా యనియు అడుగవలెను.

1963 జూన్ 3న వారు దివంగతులైరి. ఆ డిసెంబరు 4న పూజలో దేశభాషల వాడుకకు సభ యనుమతించెను. మార్చిన దైవప్రకటన పత్రము 1965 నవంబరులో ఆమోదింపబడెను. డిసెంబరు 8న ఒక్క శాపవాక్యమైనను లేకయే సభ ముగిసెను. అటుపిమ్మట మన తెలుగు గుడులలో, లాటినున జరుగు పూజను మౌనముగ వినుచుండిన పెద్దలు తమ భాషలో గురువునకు బదులు పలుకసాగిరి.