నిజాం కొలువు నుంచి పరమవీర చక్ర దాకా.. ట్యాంకుల సేనాని తారాపోర్‌

బోరబండ: నిజాం రాజ్య పతాకానికి వందనం చేస్తూ సైనిక జీవితం ఆరంభించిన యువకుడు, ఆ రాజ్యం చరిత్రలో కలిసిపోయిన పదిహేడేళ్లకు భారత సైన్యపు ట్యాంకుల దళానికి సారథ్యం వహిస్తూ రణరంగంలో అసువులు బాశారు. కృతజ్ఞతగా దేశం ఆయనకు అత్యున్నత శౌర్య పురస్కారమైన పరమవీర చక్రను మరణానంతరం ప్రకటించింది. ఆయనే లెఫ్టినెంట్‌ కల్నల్‌ అర్దేషిర్‌ బుర్జోర్జీ తారాపోర్‌. సహచరులకు ‘ఆది’. హైటెక్‌ సిటీకి పొరుగున ఉన్న బోరబండ నుంచి దక్షిణంగా కొద్ది కిలోమీటర్లు వెళితే గోల్కొండ వస్తుంది. ఆ వీరుడు సైనికుడిగా తొలి పాఠాలు నేర్చింది అక్కడే. 1965 నాటి భారత్‌-పాకిస్థాన్‌ యుద్ధం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆయన పేరు వినిపిస్తుంది. ఆయన హైదరాబాద్‌ సంస్థాన సైన్యం నుంచి వచ్చిన వారన్న సంగతి మాత్రం ఈ తరంలో చాలామందికి తెలియదు.

సుంకాల శాఖ కుటుంబం

తారాపోర్‌ 1923 ఆగస్టు 18న బొంబాయిలో పార్సీ కుటుంబంలో జన్మించారు. వీరి పూర్వీకుల్లో ఒకరైన రతన్‌జీబా, ఛత్రపతి శివాజీ సైన్యంలో పనిచేసి నూరు గ్రామాలను బహుమానంగా పొందారని, వాటిలో ప్రధానమైన తారాపూర్‌ పేరే ఇంటిపేరుగా స్థిరపడిందని కుటుంబ కథనం. తరువాతి కాలంలో అర్దేషిర్‌ తాత హైదరాబాద్‌ తరలివచ్చి నిజాం ప్రభుత్వ సుంకాల శాఖలో చేరారు. తండ్రి కూడా అదే శాఖలో ఉద్యోగం చేశారు. ఫారసీ, ఉర్దూ భాషల్లో ఆయనకు మంచి పాండిత్యం ఉండేది.

అర్దేషిర్‌కు ఆరేళ్ల వయసులో జరిగిన ఒక ఘటనను ఆ ఇంట తరచూ చెప్పుకొనేవారు. పలుపు తెంచుకున్న ఆవు పదేళ్ల అక్క మీదికి దూసుకురాగా, ఆ పసివాడు కర్ర పట్టుకుని అడ్డు నిలిచి దాని ముట్టెపై కొట్టి మళ్లించాడట. ఏడేళ్ల ప్రాయంలో ఆయనను పుణెలోని సర్దార్‌ దస్తూర్‌ బాలుర వసతి పాఠశాలకు పంపారు. చదువులో అగ్రగణ్యుడు కాకపోయినా ఆటల్లో రాణించి పాఠశాల విద్యార్థి నాయకుడయ్యారు. 1940లో మెట్రిక్యులేషన్‌ పూర్తి చేశారు. అప్పటికే రెండో ప్రపంచ యుద్ధం సాగుతోంది. సైన్యంలో చేరాలన్న కోరికతో దరఖాస్తు చేసుకోగా గోల్కొండలోని ఆఫీసర్స్‌ ట్రైనింగ్‌ స్కూల్‌లో స్థానం దక్కింది. అనంతరం బెంగళూరులో శిక్షణ ముగించుకుని 1942 జనవరి 1న ఏడో హైదరాబాద్‌ పదాతి దళంలో సెకండ్‌ లెఫ్టినెంట్‌గా నియమితులయ్యారు.

దారి మార్చిన గ్రెనేడు

కాలినడకన సాగే పదాతి దళం ఆయనకు అంతగా రుచించలేదు. మనసంతా అశ్విక దళం మీదనే. గుర్రాల స్థానాన్ని కవచ వాహనాలు ఆక్రమిస్తున్న కాలమది. మార్పు కోసం ఆయన చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. చివరకు ఆ కోరికను తీర్చింది ఒక ప్రమాదం.

హైదరాబాద్‌ సంస్థాన సేనల అధిపతి మేజర్‌ జనరల్‌ ఇద్రూస్‌ ఒకనాడు వీరి దళాన్ని తనిఖీ చేసేందుకు వచ్చారు. గ్రెనేడ్లు విసిరే అభ్యాసం సాగుతుండగా కొత్తగా చేరిన ఒక సిపాయి తడబడటంతో గ్రెనేడు దూరంగా పడకుండా విసిరే గుంతలోనే పడింది. తారాపోర్‌ క్షణమైనా ఆలోచించకుండా గుంతలోకి దూకి, దాన్ని అందుకుని అవతలికి విసిరారు. చేయి వీడిన మరుక్షణమే అది పేలి, ఇనుప తునకలు ఆయన ఛాతీలో గుచ్చుకున్నాయి. ఇదంతా కళ్లారా చూసిన ఇద్రూస్‌, ఆయన కోలుకున్న తరువాత కార్యాలయానికి పిలిపించుకుని అభినందించారు. ఆ యువ అధికారి బహుమతులేమీ అడగలేదు. కవచ దళానికి బదిలీ మాత్రమే కోరారు. అలా ఒకటో హైదరాబాద్‌ ఇంపీరియల్‌ సర్వీస్‌ లాన్సర్స్‌లో చేరారు.

ఈ లాన్సర్స్‌కు ఘనమైన చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మైసూరు, జోధ్‌పూర్‌ దళాలతో కలిసి పాలస్తీనా రంగంలో పోరాడిన పటాలమిది. ఢిల్లీలోని తీన్‌ మూర్తి స్మారకంపై నిలిచిన మూడు కాంస్య విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్‌ లాన్సర్స్‌కు గుర్తు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తారాపోర్‌ ఈ దళంతోనే పశ్చిమాసియాలో విధులు నిర్వర్తించారు.

రాజ్యం పోయింది.. కర్తవ్యం మిగిలింది

1948 సెప్టెంబరు 13న భారత సేనలు హైదరాబాద్‌ సంస్థానంలోకి ప్రవేశించాయి. ప్రజలు పోలీసు చర్యగా పిలుచుకునే ఆ దండయాత్రకు మేజర్‌ జనరల్‌ జె.ఎన్‌.చౌధురి నేతృత్వంలోని ఒకటో ఆర్మర్డ్‌ డివిజన్‌ వెన్నెముక. అయిదు రోజుల్లో అంతా ముగిసింది. సెప్టెంబరు 18న ఇద్రూస్‌ లాంఛనంగా లొంగిపోయారు. నిజాం సైన్యం చాలా వరకు రద్దయింది. సిపాయిలు, అధికారులు ఎందరో ఉపాధి కోల్పోయి ఇళ్లకు చేరారు. ఓడిన సైన్యంలో పనిచేసిన వారిని గెలిచిన సైన్యం ఎంతవరకు నమ్ముతుందన్నది నాడు అందరినీ వేధించిన ప్రశ్న.

తారాపోర్‌ను భారత సైన్యం తనలో చేర్చుకుంది. 1951 ఏప్రిల్‌ 1న ఆయన 17 హార్స్‌లో, అంటే పూనా హార్స్‌ రెజిమెంటులో అధికారిగా ప్రవేశించారు. పాత పటాలం నుంచి వచ్చిన వ్యక్తి కొత్త పటాలంలో నిలదొక్కుకోవడం తేలిక కాదు. ప్రతి రెజిమెంటుకూ తనవైన సంప్రదాయాలు, పట్టింపులు ఉంటాయి. ఆయన ఒక్కో మెట్టూ ఎక్కుతూ ముందుకు సాగారు. సెంచూరియన్‌ ట్యాంకుల వినియోగంలో బ్రిటన్‌ వెళ్లి శిక్షణ పొందారు. చివరకు అదే రెజిమెంటుకు కమాండింగ్‌ అధికారి అయ్యారు. 1965లో యుద్ధమేఘాలు కమ్ముకునే నాటికి పూనా హార్స్‌ ఉన్నది ఒకటో ఆర్మర్డ్‌ డివిజన్‌లోనే. పదిహేడేళ్ల క్రితం హైదరాబాద్‌ను లొంగదీసిన డివిజన్‌ అది. నాడు దానిని నడిపించిన చౌధురి ఇప్పుడు భారత సైన్యాధిపతి. ఇద్రూస్‌ మెచ్చిన లాన్సర్‌, చౌధురి సైన్యంలో సేనానిగా నిలిచారు.

ఫిలోరాపై దాడి

కశ్మీర్‌పై పాకిస్థాన్‌ ఒత్తిడి తగ్గించేందుకు భారత్‌ పంజాబ్‌ సరిహద్దులో కొత్త రంగాలు తెరిచింది. అందులో భాగంగా సెప్టెంబరు 7, 8 తేదీల మధ్య రాత్రి ఒకటో ఆర్మర్డ్‌ డివిజన్‌ సియాల్‌కోట్‌ ప్రాంతంలోకి చొచ్చుకెళ్లింది. తొలి రోజునే ప్రతిఘటన ఎదురుకావడంతో ముందడుగుకు విరామం పడింది. మళ్లీ కదలిక వచ్చింది 11న. ఫిలోరాను పట్టుకునే ప్రధాన బాధ్యత తారాపోర్‌ దళానికి అప్పగించారు.

భారత్‌ వద్ద ఉన్నవి నలుగురు సిబ్బందితో నడిచే, దాదాపు 50 టన్నుల బరువున్న బ్రిటిష్‌ సెంచూరియన్లు. ఎదుటి పక్షాన అమెరికా నుంచి వచ్చిన పాటన్‌ ట్యాంకులున్నాయి. పాటన్‌ అప్పట్లో సరికొత్త యంత్రంగా పేరు మోసింది. అయితే ట్యాంకుల పోరులో యంత్రం ఒక్కటే చాలదు. మూత వేసుకుని లోపల కూర్చుంటే కమాండరుకు రక్షణ ఎక్కువ, చూపు తక్కువ. తల బయట పెడితే రంగమంతా కనిపిస్తుంది, శత్రువు గుళ్లకు గురి కావలసి వస్తుంది. చెరకు తోటలు, చెట్లు, దుమ్ము కమ్ముకున్న ఆ నేలపై ఎదుటి ట్యాంకును ముందుగా చూసిన వారిదే పైచేయి.

ఫిలోరాను ఎదురుగా కాక వెనుక నుంచి దెబ్బతీయాలన్నది పథకం. అందుకోసం పూనా హార్స్‌ ఫిలోరా, చవిండాల మధ్యకు దూసుకుపోయింది. అంతలో వజీర్‌వాలీ వైపు నుంచి పాకిస్థాన్‌ ట్యాంకులు అకస్మాత్తుగా విరుచుకుపడ్డాయి. దళానికి అగ్రభాగాన ఉన్న తారాపోర్‌ వెనకడుగు వేయలేదు. ఆ దాడిని నిలువరిస్తూనే ఒక స్క్వాడ్రన్‌ను, పదాతి దళాన్ని వెంటబెట్టుకుని ఫిలోరాపై విరుచుకుపడ్డారు. నాటి పోరులోనే ఆయన చేతికి గాయమైంది. వెనక్కి తరలిస్తామంటే అంగీకరించలేదు. చేతికి కట్టు కట్టించుకుని తన ట్యాంకులోనే ఉండిపోయారు. ఫిలోరా భారత్‌ వశమైంది.

చవిండా ముంగిట

తరువాతి లక్ష్యం రైలు మార్గంపై ఉన్న చవిండా. రెండో ప్రపంచ యుద్ధం తరువాత జరిగిన అతిపెద్ద ట్యాంకు సమరాల్లో ఒకటిగా ఈ పోరును పరిగణిస్తారు. గాయం మానకముందే తారాపోర్‌ 14న వజీర్‌వాలీని స్వాధీనం చేసుకున్నారు. చవిండాను వెనుక నుంచి ముట్టడించేందుకు పదాతి దళానికి దారి చేయాలంటే జస్సోరాన్‌, బుటుర్‌ డోగ్రాండీ గ్రామాలను పట్టి నిలుపుకోవాలి. 16న పూనా హార్స్‌ ఆ రెండింటినీ చేజిక్కించుకుంది. తారాపోర్‌ ట్యాంకుకు పలుమార్లు దెబ్బలు తగిలినా ఆయన చోటు వదల్లేదు. బుటుర్‌ డోగ్రాండీలో ఎనిమిదో గఢ్వాల్‌ రైఫిల్స్‌ పదాతి సైనికులు తీవ్ర నష్టం చవిచూశారు. వారి కమాండింగ్‌ అధికారి లెఫ్టినెంట్‌ కల్నల్‌ ఝిరాద్‌ అక్కడే నేలకొరిగారు. అదే రోజున, అదే గ్రామం వద్ద, శత్రువు పేల్చిన ఫిరంగి గుండు తారాపోర్‌ ప్రాణాలను కూడా బలిగొంది. అప్పటికి ఆయన వయసు 42 ఏళ్లు. హైదరాబాద్‌ సైన్యం లొంగిపోయి పదిహేడేళ్లు నిండటానికి ఇంకా రెండు రోజులు మిగిలి ఉంది.

నాయకుడు నేలకొరిగినా రెజిమెంటు చెదరలేదు. ఆ పోరాటాల్లో శత్రువు ట్యాంకులు సుమారు 60 ధ్వంసం కాగా, పూనా హార్స్‌ కోల్పోయినవి తొమ్మిదేనని పరమవీర చక్ర ప్రశంసాపత్రం పేర్కొంటోంది. అయితే ఇన్ని త్యాగాల తరువాత కూడా చవిండా భారత్‌ చేతికి చిక్కలేదు. 18న రాత్రి మొదలైన ఆఖరి దాడి విఫలమైంది. 23న కాల్పుల విరమణ అమలులోకి వచ్చింది.

రణభూమిలోనే చితి

తాను మరణిస్తే యుద్ధభూమిలోనే దహనం చేయాలని తారాపోర్‌ ముందే తన సహచర అధికారికి చెప్పి ఉంచారు. తన ప్రార్థనా గ్రంథం తల్లికి, గొలుసు భార్యకు, ఉంగరం కుమార్తెకు చేర్చాలని కోరారు. కుమారుడికి ఇవ్వవలసినవీ విడిగా చెప్పారు. పార్సీలలో దహనం ఆచారం కాదు. మృతదేహాన్ని మౌన గోపురంలో ఉంచడం వారి పద్ధతి. సికింద్రాబాద్‌ వైపున ఉన్న పార్సీగుట్టకు ఆ పేరు వచ్చింది అందువల్లనే. అయినా ఆయన సైనికుడిగా తన ఆఖరి చోటును తానే నిర్ణయించుకున్నారు. ఆ కోరిక మేరకు యుద్ధరంగంలోనే అంత్యక్రియలు జరిగాయి. 1966 జనవరి 10న కుదిరిన తాష్కెంట్‌ ఒప్పందంతో ఇరు సైన్యాలు పాత స్థానాలకు మళ్లాయి. ఆయన చితి కాలిన నేల తిరిగి పాకిస్థాన్‌కు దక్కింది. కుటుంబానికి చూసుకునేందుకు సమాధి కూడా లేదు.

1965 యుద్ధంలో పరమవీర చక్ర ఇద్దరికే లభించింది. ఒకరు ఖేమ్‌కరణ్‌ రంగంలో జీపుపై బిగించిన తుపాకీతో పాటన్లను నుగ్గు చేసిన అబ్దుల్‌ హమీద్‌. రెండో వారు తారాపోర్‌. ఇంతవరకు ఈ పురస్కారం పొందిన 21 మందిలో హోదా రీత్యా అందరికన్నా పెద్ద అధికారి ఆయనే. సహచరులను ముందుకు పంపి తాను వెనుక ఉండదగిన హోదా అది. ఆయన అలా ఉండలేదు. ఆరేళ్ల తరువాత, 1971 డిసెంబరు 16న బసంతర్‌ పోరులో పూనా హార్స్‌కే చెందిన 21 ఏళ్ల సెకండ్‌ లెఫ్టినెంట్‌ అరుణ్‌ ఖేత్రపాల్‌, మండుతున్న ట్యాంకును వీడేందుకు నిరాకరించి ప్రాణమిచ్చి మరో పరమవీర చక్ర సాధించారు. తారాపోర్‌ వేసిన బాట ఎంత బలమైనదో చెప్పేందుకు ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. 2023 జనవరి 23న అండమాన్‌ దీవుల్లో 21 ద్వీపాలకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టగా, వాటిలో ఒకటి తారాపోర్‌ పేరిట వెలసింది.

సంస్థానం అంతరించినప్పుడు దాని సైనికుల విధేయతపై ఎన్నో సందేహాలు తలెత్తాయి. గోల్కొండలో కవాతు నేర్చి, ఇద్రూస్‌ చేతుల మీదుగా కవచ దళంలోకి అడుగుపెట్టిన ఒక హైదరాబాదీ వాటికి మాటలతో బదులివ్వలేదు. గాయపడిన చేతితో అయిదు రోజులు ట్యాంకుపై నిలిచి బదులిచ్చారు. నేటికీ గోల్కొండలో భారత సైన్యపు ఆర్టిలరీ కేంద్రం కొత్త సైనికులను తీర్చిదిద్దుతూనే ఉంది. ఆ గడ్డ మీద తొలి అడుగులు వేసిన వారిలో పరమవీరుడు ఒకరున్నారన్నది ఈ నగరం మరువరాని గౌరవం.