బెరిల్ మార్ఖమ్, ఆమె వెనక నడిచిన అరప్ రూటా

1936 సెప్టెంబర్ 4 సాయంత్రం ఇంగ్లండ్‌లోని అబింగ్‌డన్ నుంచి ఒక చిన్న విమానం ఎదురుగాలిలో పడమరకు ఎగిరింది. అందులో ఉన్నది బెరిల్ మార్ఖమ్ ఒక్కరే. ఇరవై గంటలకు పైగా ప్రయాణించాక, ఇంధనం అందక ఇంజిన్ ఆగింది. కెనడాలోని కేప్ బ్రెటన్ దీవిలో విమానం బురదనేలలో దిగబడింది. ఇంగ్లండ్ నుంచి అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటిన తొలి మహిళ ఆమే.

1942లో వచ్చిన ఆమె జ్ఞాపకాల పుస్తకం ‘వెస్ట్ విత్ ద నైట్’ను ఇప్పటికీ సాహసగాథగా చదువుతారు. కానీ అందులో ఇంకో మనిషి ఉన్నారు. ఆయన్ని కూడా వెతికి చదవాలి.

బెరిల్ 1902లో ఇంగ్లండ్‌లో పుట్టారు. నాలుగేళ్లప్పుడు బ్రిటిష్ తూర్పు ఆఫ్రికాకు, అంటే నేటి కెన్యాకు వచ్చారు. తల్లి త్వరలోనే వెనక్కి వెళ్లిపోయారు. తండ్రి క్లటర్‌బక్ న్జోరోలో గుర్రాలు పెంచుతూ వ్యవసాయం చేసేవారు. నాండి పిల్లలతో కలిసి బెరిల్ ఈటె పట్టి వేటాడారు. కిబీ ఆమెకు చిన్ననాటి స్నేహితుడు.

అది ఎవరికీ చెందని నేల కాదు. 1904 ఒప్పందంతో బ్రిటిష్‌వాళ్లు రిఫ్ట్ లోయ నుంచి మసాయిలను తరలించారు. 1905లో నాండిల నాయకుడు కొయితలెల్ అరప్ సమొయ్‌ని చర్చలకని పిలిచి చంపారు. 1915 చట్టం తెల్లవాళ్లకు 999 ఏళ్ల లీజులకు దారి తీసింది. ఆ తర్వాత ఆఫ్రికన్ మగవాళ్లు ‘కిపాండే’ అనే గుర్తింపు పత్రాన్ని డబ్బాలో పెట్టి మెడలో వేసుకు తిరగాల్సి వచ్చింది. లేకపోతే శిక్ష. గుడిసె పన్ను కట్టడానికి తెల్లవాళ్ల పొలాల్లో కూలికి పోవాల్సి వచ్చేది.

కరువులో తండ్రి దివాలా తీసి పెరూ వెళ్లిపోయారు. బెరిల్ చిన్న వయసులోనే పందెపు గుర్రాలకు శిక్షణ ఇచ్చే లైసెన్స్ సంపాదించారు. 1931లో విమానం నడపడం నేర్చుకుని ఉత్తరాలు, ప్రయాణికులను చేరవేశారు. వేటగాళ్లకు ఏనుగుల మందల జాడ చెప్పారు.

కిబీ పెద్దయ్యాక అరప్ రూటా అయ్యారు. గుర్రపుశాలలోనూ, తర్వాత విమానాల దగ్గరా ఆమె కింద పనిచేశారు. ఒకప్పుడు పక్కన నడిచిన మనిషి ఇప్పుడు వెనక నడిచారు. బెరిల్ ఈ మార్పును గమనించారు, బాధతోనే రాశారు. అయితే ఆ దూరాన్ని నిలబెట్టిన చట్టాల గురించి, పన్నుల గురించి పుస్తకం దాదాపు మాట్లాడదు. మన ఊళ్లలో దొర బిడ్డతో గోలీలాడి, తర్వాత అదే ఇంట్లో జీతానికి కుదిరిన పిల్లవాడికి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ పుస్తకం రాసింది ఆమా, మూడో భర్త రౌల్ షూమాకరా అన్న వాదన చాలాకాలం నడిచింది. 1983లో పుస్తకం మళ్లీ అచ్చయింది. 1986లో ఆమె నైరోబీలో చనిపోయారు.

ఆడవాళ్లకు మూసిన తలుపును బెరిల్ బద్దలు కొట్టిన మాట నిజం. ఆమె నిలబడిన నేల ఇంకొకరి దగ్గర లాక్కున్నదన్న మాటా అంతే నిజం. రెంటినీ కలిపే చదవాలి. రూటా తన కథ తానే రాసుకుని ఉంటే, విమానం కన్నా ముందు మెడలోని ఆ డబ్బా గురించే రాసేవారేమో.