గాస్పార్ మోంజ్ – మన డ్రాయింగు షీటు వెనుక మనిషి

మన బడిలో చదివి ఇంజనీర్లయినవాళ్లు ఎవరిని అడిగినా, మొదటి సంవత్సరం డ్రాయింగు షీటు మీద అడ్డంగా గీసిన ఎక్స్‌వై గీత గుర్తుందంటారు. గీతకు పైన ఎలివేషన్, కింద ప్లాన్. ఆ పద్ధతిని శాస్త్రంగా నిలబెట్టిన గాస్పార్ మోంజ్ పేరు మాత్రం చాలామంది విని ఉండరు.

ఆయన 1746లో ఫ్రాన్సులోని బోన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి చిరు వ్యాపారి. 18 ఏళ్లకే పనిముట్లు తానే తయారు చేసుకుని, ఊరంతా కొలిచి పటం గీశారు. అది చూసిన ఒక సైనికాధికారి ఆయన్ను మెజియేర్ సైనిక ఇంజనీరింగ్ పాఠశాలకు చేర్చారు. అయితే అక్కడ అధికారి శిక్షణ పెద్ద కుటుంబాల పిల్లలకే. మోంజ్‌కు దక్కింది పటాలు గీసే పని, నమూనాలు చేసే పని.

ఒకసారి కోట గోడల లెక్క ఆయన చేతికి వచ్చింది. మన డాల్ఫిన్స్ నోస్ కొండ మీద శత్రువు ఫిరంగి పెట్టాడనుకోండి. కింద కోటలో ఉన్నవాళ్లకు గుండు తగలకుండా గోడ ఎక్కడ ఎంత ఎత్తు లేపాలి? అప్పట్లో దీనికి రోజుల తరబడి అంకెలతో కుస్తీ పట్టేవారు. మోంజ్ గీతలతోనే తేల్చేశారు. ఇంత తొందరగా ఎలా అవుతుందని పై అధికారి మొదట కాగితం చూడనే లేదట. చూశాక, ఆ పద్ధతిని చాలా ఏళ్లు సైనిక రహస్యంగా దాచారు.

కిటుకు ఇది. వస్తువును పైనుంచి ఒకసారి, ఎదురుగా ఒకసారి చూసి గీయాలి. నిలువు తలాన్ని ఎక్స్‌వై గీత దగ్గర మడిచి పడుకోబెడితే రెండు దృశ్యాలూ ఒకే కాగితం మీదికి వస్తాయి. ఏటవాలుగా పోయే పైపు అసలు పొడవు ప్లాన్‌లో కనిపించదు, ఎలివేషన్‌లోనూ కనిపించదు. రెండూ కలిపి తిప్పితే స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు. రాతి పనివాళ్లకు, వడ్రంగులకు ఇందులో కొంత ముందే తెలుసు. ఎవరికైనా నేర్పగలిగే శాస్త్రంగా మార్చింది మాత్రం మోంజ్.

ఫ్రెంచి విప్లవం తర్వాత ఆ రహస్యం బయటపడింది. 1794లో మొదలైన ఎకోల్ పాలిటెక్నిక్ స్థాపకుల్లో ఆయన ఒకరు. 1795లో ఈ విద్యను బహిరంగంగా బోధించారు. ఆ బడిలో చదివిన ఇంజనీర్లు 1810లో రష్యా వెళ్లి అక్కడ పాఠం చెప్పారు. మన స్టీల్ ప్లాంటు సోవియట్ సహకారంతో కట్టినదే కదా! ఉద్యోగంలో చేరిన కొత్తలో రష్యన్ డ్రాయింగులు నా బల్ల మీదికి వచ్చేవి. అక్షరం ముక్క అర్థమయ్యేది కాదు. ఫ్లాంజి ఎక్కడుందో, రంధ్రాలు ఎన్నో మాత్రం తెలిసిపోయేది. ఎలివేషన్ కింద ప్లాన్, మనం నేర్చుకున్న వరసే.

మోంజ్ నెపోలియన్‌కు ఆప్తుడు, ఆయనతో ఈజిప్టు కూడా వెళ్లారు. నెపోలియన్ పడిపోయాక దానికి మూల్యం చెల్లించారు. 1816లో సైన్స్ అకాడమీ నుంచి తీసేశారు. 1818 జూలై 28న పారిస్‌లో కన్నుమూశారు. అంత్యక్రియలకు వెళ్లడానికి పాలిటెక్నిక్ విద్యార్థులకు ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. వాళ్లు ఆజ్ఞ మీరలేదు. మర్నాడు అందరూ కలిసి శ్మశానానికి నడిచి వెళ్లి, మాస్టారి సమాధి మీద పూలదండ ఉంచి వచ్చారు.