జేమ్స్ స్టిర్లింగ్: పట్టా లేని గణితవేత్త

డిగ్రీ తరగతుల గణిత విద్యార్థులకు స్టిర్లింగ్ సూత్రం సుపరిచితమే. అయితే ఆ పేరుగల మనిషి ఎట్టివాడో, ఏమి పోగొట్టుకొని ఏమి సాధించినాడో పాఠ్యగ్రంథాలు చెప్పవు.

జేమ్స్ స్టిర్లింగ్ 1692లో స్కాట్లండులోని స్టిర్లింగ్ పట్టణ సమీపాన జన్మించాడు. ఆయన కుటుంబం పదవీచ్యుతులైన స్టూవర్ట్ రాజుల పక్షాన నిలిచినది. 1708లో తండ్రిపై రాజద్రోహ నేరం మోపబడినది. విచారణలో ఆయన నిర్దోషిగా తేలినాడు. 1711లో జేమ్స్ ఆక్స్‌ఫర్డ్‌లోని బేలియల్ కళాశాలలో విద్యార్థి వేతనంతో చేరినాడు. 1714లో మొదటి జార్జి సింహాసనమెక్కగా, మరుసటి సంవత్సరం స్టూవర్టుల పక్షీయులు తిరుగుబాటు చేశారు. కొత్త రాజుకు విధేయతా ప్రమాణం చేయుమని అడిగినప్పుడు జేమ్స్ నిరాకరించాడు. ఫలితంగా వేతనం పోయినది. పట్టా చేతికి రాలేదు.

అయినా చదువు ఆగలేదు. న్యూటన్ వర్ణించిన 72 ఘన వక్ర జాతులకు మరి నాలుగింటిని చేర్చుతూ 1717లో ఒక గ్రంథం ప్రకటించాడు. కొన్నేళ్లు వెనిస్‌లో గడిపి, తిరిగి వచ్చి లండన్‌లో బోధనవృత్తి చేపట్టాడు. 1726లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది.

1730లో వెలువడిన ‘మెథడస్ డిఫరెన్షియాలిస్’ ఆయన కీర్తికి మూలం. ఒకటి మొదలు ఒక సంఖ్య వరకు గల పూర్ణాంకాల లబ్ధమే క్రమగుణితం. అది అతివేగంగా పెరుగుతుంది. అందుచేత స్టిర్లింగ్ లబ్ధాన్ని విడిచి, సంవర్గమానాల మొత్తాన్ని ఒక శ్రేణి ద్వారా గణించాడు. అదే కాలంలో డి మావర్ కూడ ఈ సమస్యపై కృషి చేస్తున్నాడు. నేడు మనం వాడే సూత్రరూపం నిజానికి డి మావర్‌దే. అందులోని స్థిరాంకం పై విలువతో ముడిపడి ఉన్నదని తెలిపినవాడు స్టిర్లింగ్. ఈ సూత్రం పది క్రమగుణితానికి 35,98,696 అని చెప్పును. అసలు విలువ 36,28,800. శ్రేణిలో మరొక్క పదం చేర్చిన 36,28,810 వచ్చును.

పూర్ణాంకాల నడుమ విలువల మాటేమిటి? ఆయిలర్ 1729లో గోల్డ్‌బాక్‌కు లేఖ ద్వారా తెలిపిన ప్రమేయమే తరువాత గామా ప్రమేయమైనది. స్టిర్లింగ్ మరొక దారిన నడిచాడు. పెద్ద పదాల సంవర్గమానాల మధ్య భేదాలు స్వల్పం గనుక, మొదట పదిన్నర స్థానపు విలువను అంతర్వేశనంతో కనుగొన్నాడు. పిమ్మట 10.5, 9.5 అని క్రమంగా 1.5 వరకు భాగిస్తూ క్రిందికి దిగినాడు. లభించిన 0.8862269 పై వర్గమూలంలో సరిగా సగం!

నేటి గణకయంత్రాలలోనూ ఇదే మార్గం. సాధారణ ద్విగుణ సూక్ష్మత సంఖ్యలో 170 క్రమగుణితం ఇముడును, 171 ఇమడదు. కాని దాని సహజ సంవర్గమానం సుమారు 712 మాత్రమే. అందుకే 1999 నాటి సి భాషా ప్రమాణంలో ఎల్‌గామా అను ప్రమేయం చేరినది. ఇట్టి ప్రోగ్రాములు పెద్ద సంఖ్యలకు తరచుగా స్టిర్లింగ్ శ్రేణిని వాడును. చిన్న సంఖ్యనైతే ఒక్కొక్కటి కలుపుతూ పైకి తీసికొనిపోయి, విలువ కట్టి, అదనపు సంవర్గమానాలను తీసివేయుట ఒక పద్ధతి. ఆ శ్రేణిని అనంతంగా పొడిగించిన అపసరించును. ఎక్కడ ఆగవలెనో తెలియుటే అందలి విద్య.

ఇంతటివాడు 1735లో లెడ్‌హిల్స్ సీసపు గనుల నిర్వహణకు వెళ్లినాడు. అక్కడ కార్మికుల పనివేళలు తగ్గినవి. ఇండ్లు, తోటలు వెలసినవి. 1741లో వారు నెలకొల్పుకొన్న గ్రంథాలయం నేటికీ నిలిచి ఉన్నది. 1746లో మెక్లారిన్ మరణించగా ఎడిన్‌బరో ఆచార్య పీఠానికి స్టిర్లింగ్ పేరు తలపుకు వచ్చినా, పాత రాజపక్షం అడ్డువచ్చినది. 1770 డిసెంబరు 5న ఎడిన్‌బరోలో కన్నుమూశాడు.

ఆయన అభిమానించిన రాజవంశం మరల గద్దెనెక్కలేదు. ఆ పక్షం సరియైనదా కాదా అన్నది చరిత్రకారుల విషయం. మనస్సు ఒప్పని ప్రమాణం చేసి పట్టా పొందుట ఆయనకు సులభమే, చేయలేదు. పీఠాలు దక్కని ఆ చేతికి గనికార్మికుల గ్రంథాలయం దక్కినది. పట్టా కొరకే చదువని భావించు విద్యార్థులు ఈ జీవితాన్ని ఒక్కసారి తలపోయుదురు గాక.