బరోడాలో గది దొరకని బాబాసాహెబ్

ఊరు వెళ్లేముందే గది బుక్ చేసుకోవాలా, దిగాక వెతుక్కోవాలా అన్నది చాలామందికి డబ్బుకూ సౌకర్యానికీ సంబంధించిన విషయం. డాక్టర్ అంబేద్కర్‌కు అది కులానికి సంబంధించిన ప్రశ్న. ముందే కబురు పంపినా, చెప్పకుండా వెళ్లినా ఆయనకు తలుపులు మూసుకుపోయాయి. ఆయన జీవితాన్ని ఈ వైపు నుంచి చదివితే, హోటల్ అనే మాట మన రాజ్యాంగంలో ఎందుకుందో అర్థమవుతుంది.

మొదటి ప్రయాణం 1901లో. భీంరావుకు అప్పటికి పదేళ్లు. తండ్రి రాంజీ సతారా జిల్లా గోరేగావ్‌లో క్యాషియర్. అన్నతో, అక్క కొడుకులతో కలిసి భీంరావు ఆయన దగ్గరకు బయలుదేరాడు. వస్తున్నామని ముందే ఉత్తరం రాశారు. అది తండ్రి చేతికి అందలేదు. మసూర్ స్టేషన్‌లో శుభ్రమైన బట్టలతో ఉన్న పిల్లలను స్టేషన్ మాస్టర్ మర్యాదగానే పలకరించాడు. మహార్ పిల్లలని తెలియగానే వెనక్కి తగ్గాడు. బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు. అదీ పిల్లలే బండి తోలుకుంటే, తను పక్కన నడిచి వస్తానన్న షరతు మీద. దారిలో తాగడానికి నీళ్లు పుట్టలేదు. వెంట అన్నం ఉన్నా ఆ రాత్రి ఆకలితోనే గడిచింది.

రెండోది 1917లో. అప్పటికి ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేసి, లండన్‌లో చదువుతూ స్కాలర్‌షిప్ గడువు ముగియడంతో తిరిగి వచ్చారు. ఒప్పందం ప్రకారం బరోడా సంస్థానంలో కొలువు చేయాలి. స్టేషన్‌లో ఆయనను కలుసుకొని తీసుకురమ్మని మహారాజు ఆదేశించినా ఎవరూ రాలేదు. హిందూ హోటళ్లలో కులం దాచిపెడితే తప్ప చోటు దొరకదు. ఒక పార్సీ సత్రం ఉందని తెలిసి అక్కడికి వెళ్లారు. పార్సీలు ధరించే సద్రా, కస్తీ ఒంటిమీద లేకపోవడంతో సత్రం కాపలాదారు ఆయన పార్సీ కాదని కనిపెట్టాడు. అయినా పార్సీ పేరుతో రిజిస్టర్‌లో రాసుకుని, తిండికీ బసకూ కలిపి రోజుకు రూపాయిన్నర చొప్పున ఉండనిచ్చాడు.

మేడ మీద చిన్న గది. పక్కన పాత సామాను నిండిన పెద్ద హాలు. రాత్రికి ఒక లాంతరు. మాట్లాడే మనిషి లేక పుస్తకాలతో కాలక్షేపం. సర్కారు బంగ్లా ఇప్పించమని పెట్టుకున్న దరఖాస్తుకు జవాబు రాలేదు. పదకొండో రోజు కర్రలు పట్టుకున్న పార్సీలు డజనుమంది వచ్చి గది ముందు నిలబడ్డారు. వారం గడువు అడిగినా ఇవ్వలేదు. సాయంత్రానికల్లా ఖాళీ చేయాలన్నారు. ఒక హిందూ మిత్రుణ్ణి ఆశ్రయం అడిగితే, నువ్వొస్తే పనివాళ్లు మానేస్తారన్నాడు. క్రైస్తవ మిత్రుడు భార్యను అడగాలన్నాడు. ఆ దంపతులు బ్రాహ్మణ కుటుంబాల నుంచి మతం మారినవాళ్లు. కామాఠీబాగ్ తోటలో గంటల తరబడి కూర్చుని, రాత్రి రైలెక్కి ఆయన బొంబాయి వెళ్లిపోయారు. ఆ చోటును ఇప్పుడు సంకల్ప భూమి అంటున్నాం.

1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లినప్పుడు అంబేద్కర్, రెట్టమలై శ్రీనివాసన్ కలిసి ఒక పత్రం సమర్పించారు. సత్రాలు, రోడ్లు, చెరువులు, బావులు, ప్రజా వాహనాలు ఎవరికైనా నిరాకరిస్తే అయిదేళ్ల వరకు జైలు వేయాలని అందులో కోరారు. ఆ జాబితాలో సత్రం అన్నచోట బరోడా, వాహనం అన్నచోట మసూర్ మనకు కనిపిస్తాయి.

నాలుగేళ్ల తర్వాత నిజాం రాజ్యంలోని దౌలతాబాద్‌లో చెరువు వంతు వచ్చింది. ఎల్లోరా చూడబోతూ అంబేద్కర్, ఆయన సహచరులు సుమారు ముప్పయి మంది, అవమానాలు తప్పించుకోవడానికి చాలావరకు తామెవరో చెప్పకుండానే ప్రయాణించారు. కోట దగ్గర చెరువులో ముఖాలు కడుక్కున్నారు. చెరువును మైలపరిచారంటూ ఒక ముస్లిం వృద్ధుడు అరుస్తూ వచ్చాడు. జనం పోగయ్యారు. చివరికి ఎక్కడా నీళ్లు ముట్టకుండా సాయుధ సిపాయిని వెంట పెట్టి కోటలోకి పంపారు. హిందువుకు అంటరానివాడు పార్సీకీ ముస్లింకీ కూడా అంటరానివాడేనని ఈ అనుభవాలతో ఆయన తేల్చి చెప్పారు.

1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15(2) అధికరణలో దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్లు పేరుపేరునా ఉన్నాయి. 1955 అంటరానితనం నేరాల చట్టం ధర్మశాలలనూ ముసాఫిర్‌ఖానాలనూ చేర్చింది. 1976లో దాని పేరు పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మారింది. ఏ ప్రాంతంలోనైనా ఇంట్లో నివసించే హక్కును అంటరానితనం పేరుతో అడ్డుకోవడం కూడా ఆ చట్టం 4వ సెక్షన్ కింద నేరమే.

1956 అక్టోబర్‌లో బౌద్ధ దీక్షకు నాగపూర్ వెళ్లినప్పుడు బాబాసాహెబ్ శ్యామ్ హోటల్‌లో బస చేశారు. బరోడాలో మారుపేరు రాయించుకోవలసి వచ్చిన మనిషి, 39 ఏళ్ల తర్వాత సొంత పేరుతో హోటల్‌లో దిగారు.

ఇప్పుడు ఫోన్లో గది బుక్ చేయడం నిమిషాల పని. కానీ పరీక్షకో, కోచింగ్‌కో నగరానికి వచ్చిన మన విద్యార్థి టు-లెట్ బోర్డున్న ఇంటి తలుపు తడితే, అద్దె కంటే ముందు ఇంటిపేరు అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. మాంసం తినేవాళ్లకు ఇవ్వమనడం కులం అడగడానికి మరో పద్ధతి. చట్టంలో హోటల్ తలుపు తెరిపించాం. అద్దె ఇంటి తలుపు దగ్గర ఆ చట్టాన్ని వాడటం మనం ఇంకా మొదలుపెట్టాల్సిన పని. కులం అడిగి ఇల్లు లేదన్న ప్రతిసారీ తేదీ, చిరునామా, అన్న మాటలు రాసిపెట్టుకుందాం. ఫిర్యాదుకు అవే ఆధారాలు.