అందరి అవ్వ

1886లో పుదుక్కోటలో జన్మించిన ముత్తులక్ష్మీరెడ్డిగారి తల్లి దేవదాసీల కుటుంబమునకు చెందినవారు. ఆ కళంకమును విద్యచే జయించి, 1912లో మద్రాసు వైద్యకళాశాలనుండి ఆమె పట్టము పొందిరి. డాక్టరు సుందరరెడ్డిగారిని వివాహమాడి, బిడ్డలను పెంచుచునే వైద్యవృత్తిని సాగించిరి. 1927లో శాసనమండలిలో ప్రవేశించి దేవదాసీ ఆచారముపై పోరాడిరి. నిషేధచట్టము 1947లో వచ్చినది.

1930లో, ఆ బ్రతుకు వలదని వచ్చిన బాలికలకు వసతిగృహములు చోటియ్యకపోగా, తమ ఇంటనే ఆశ్రయమిచ్చిరి. అదియే అవ్వై గృహమైనది. తమిళుల అవ్వై, మన అవ్వ చుట్టములే.

తోబుట్టువును క్యాన్సరు పొట్టన బెట్టుకొన్న దుఃఖమును మరువక, డెబ్బదికి చేరువైన వయస్సున, 1954లో అడయారులో క్యాన్సరు ఆసుపత్రిని నెలకొల్పిరి. 1968లో కన్నుమూసిరి. ఆమె కన్నది ఇద్దరు కొడుకులనే. ఆమె నీడన పెరిగిన ఆడపిల్లలకు లెక్కలేదు.